తెర మూలన ముద్ర

1980లలో కోనసీమలో ఏ ఇంట్లో టీవీ ఉందో తెలుసుకోవడానికి గుమ్మం ఎక్కక్కర్లేదు, తల పైకెత్తితే చాలు. కొబ్బరి మట్టల మధ్య నుంచి ఒక ఇనప గొట్టమో, అది చాలకపోతే దాని కొసన కట్టిన సరుగుడు బాదో పైకి లేచి, దాని మీద అల్యూమినియం ఏంటెనా కనిపించేది. గోదావరి పాయల మధ్య మేట వేసిన నేల ఇది. అమలాపురం నుంచి రాజోలు దాకా వెళ్లినా, ఇటు కొత్తపేట దాకా వచ్చినా ఎక్కి నిలబడడానికి గుట్ట దొరకదు. టీవీ తరంగం దాదాపు చూపు సాగినట్టే సూటిగా సాగుతుంది. 150 మీటర్ల టవరు నుంచి బయల్దేరిన సంకేతం, పది మీటర్ల ఎత్తున్న ఏంటెనాకు మధ్యలో ఏ అడ్డూ లేకపోతే, సుమారు 64 కిలోమీటర్ల దాకా అందుతుంది. ఆ తర్వాత భూమి వంపు అడ్డొస్తుంది. మన దగ్గర భూమి వంపుకన్నా ముందు కొబ్బరి తోటే అడ్డొచ్చేది.

అంత కష్టపడి తెచ్చుకున్న బొమ్మలో మూలన ఏ గుర్తూ ఉండేది కాదు. ఉన్నది ఒక్క దూరదర్శనే అయినప్పుడు చూస్తున్నది ఎవరి ప్రసారమో చెప్పాల్సిన పని లేదు. దాని సంతకం ప్రసారం మొదట్లో పడేది. దూరదర్శన్ 1976 ఏప్రిల్ 1న ఆకాశవాణి నుంచి విడిపోయింది. ఆ కొత్త సంస్థకు గుర్తుగా అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ విద్యార్థి దేవాశిష్ భట్టాచార్య గీసిన కన్ను ఎంపికైంది. నడుమ ఒక గుండ్రటి పాప, దాన్ని చుట్టుకున్న రెండు వంపులు, అంతే. తిరుగుతూ తిరుగుతూ ఆ వంపులు వచ్చి కుదురుకుంటుంటే, పండిట్ రవిశంకర్, షెహనాయి విద్వాంసుడు ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్ కలిసి కట్టిన బాణీ వినిపించేది. మరుసటి ఏడాది, 1977 అక్టోబరులో, హైదరాబాద్ కేంద్రం మొదలైంది. తెలుగువాళ్ళకు ఆ కన్ను అలవాటైంది అక్కణ్ణుంచే.

ఆ కన్ను తెర మధ్యలోంచి మూలకు జరగడానికి కారణం రిమోట్ అని నా అభిప్రాయం. 1993లో దూరదర్శన్ తెలుగుకు డీడీ-8 పేరుతో ప్రత్యేక ఛానల్ వచ్చింది. 1995 ఫిబ్రవరిలో జెమిని, ఆగస్టులో ఈటీవీ మొదలయ్యాయి. ఊరి కేబులాయన పెద్ద డిష్ ఎత్తి, కొబ్బరి చెట్ల మీదుగా నల్ల వైరు లాగి, పది ఛానళ్ళు ఇంట్లోకి తెచ్చాడు. మంచంలోంచి కదలకుండా మీట నొక్కుతూ పోయే ప్రేక్షకుడు ఒక్కో చోట రెండు సెకన్లే ఆగుతాడు. ఆ రెండు సెకన్లలో తెర మీద అదే హీరో, అదే పాత పాట ఉంటే అది జెమినీయో ఈటీవీయో ఎలా తెలుస్తుంది? సినిమా ఇద్దరికీ ఒకటే. తమ సొంతమని చెప్పుకోవడానికి ఛానల్‌కు మిగిలేది ఆ మూలే.

గుర్తు వేయడం అంటే బొమ్మ మీద బొమ్మ అతికించడం కాదు, రెండు సంకేతాలను ఒక పాళ్ళలో కలపడం. ప్రసార కేంద్రంలో కార్యక్రమాలన్నీ చివరగా దాటే గదిని మాస్టర్ కంట్రోల్ అంటారు. అక్కడ కీయర్ అనే పరికరానికి మూడు సంకేతాలు వెళ్తాయి. ఒకటి నడుస్తున్న కార్యక్రమం, రెండోది గుర్తు బొమ్మ, మూడోది ఆ గుర్తు ఏ చుక్క దగ్గర ఎంత చిక్కగా కనబడాలో చెప్పే నలుపు తెలుపు పటం. డిజిటల్ వీడియోలో ఒక చుక్క వెలుగును నలుపుకు 16, తెలుపుకు 235 అనే అంకెలతో కొలుస్తారు. గుర్తును ముప్పై శాతం చిక్కదనంతో వేశామనుకోండి. వెనక చీకటి సన్నివేశం, వెలుగు 60. గుర్తు తెలుపు 235లో ముప్పై శాతం 70.5, వెనకున్న 60లో డెబ్బై శాతం 42. రెండూ కలిస్తే 112.5. చుట్టూ 60, గుర్తు 112, చక్కగా కనిపిస్తుంది. ఇప్పుడు వెనక తెల్లటి ఆకాశం వచ్చింది, వెలుగు 220. అదే లెక్క వేస్తే 224.5 వస్తుంది. 220 పక్కన 224ని కంటికి పట్టుకోవడం కష్టం. పారదర్శకమైన తెల్ల గుర్తులకు అంచున సన్నటి నల్ల గీతో, కింద చిన్న నీడో పెట్టేది ఇందుకే. వార్తా ఛానళ్ళు ఈ సున్నితాలన్నీ వదిలేసి ఎర్ర డబ్బాలో నూటికి నూరు శాతం చిక్కదనంతో ముద్ర గుద్దేశాయి. అందం సంగతెలా ఉన్నా, లెక్కలో మాత్రం అదే తేలిక.

మూల అంటే అసలు మూల కాదని గమనించే ఉంటారు. గుర్తు ఎప్పుడూ అంచు నుంచి కాస్త లోపలికి ఉంటుంది. పాత గాజు గొట్టం టీవీలు బొమ్మ మొత్తాన్ని చూపించేవి కావు. కరెంటు హెచ్చుతగ్గుల్లో బొమ్మ కుంచించుకుపోయి అంచున నల్లపట్టీ కనబడకూడదని, తయారీదారులే బొమ్మను తెర కన్నా కొంచెం పెద్దదిగా పరిచేవారు. నాలుగు వైపులా కొంత భాగం చట్రం వెనక్కి పోయేది. ఎంత పోతుందో సెట్టును బట్టి మారుతుంది కాబట్టి, అక్షరాలు, గుర్తులు బొమ్మ మధ్యనున్న ఎనభై శాతంలోనే ఉండాలని ప్రసార రంగం ఒక కట్టుబాటు పెట్టుకుంది. ఆ చట్రాలు పోయాయి, పలక టీవీలు అంచుల దాకా చూపిస్తున్నాయి. గుర్తు ఇంకా లోపలే ఉంది.

హెచ్‌డీ వచ్చాక మరో చిక్కు. హెచ్‌డీ బొమ్మ అడ్డంగా 1920 చుక్కలు. అదే బొమ్మను పాత 4:3 తెరకు కత్తిరిస్తే మధ్యలో 1440 చుక్కలే మిగులుతాయి, చెరో పక్కా 240 పోతాయి. ఒకే ప్రసారం రెండు రకాల తెరలకూ వెళ్ళాల్సిన సంధికాలంలో గుర్తును ఆ 240 దాటి లోపలికి పెట్టాల్సి వచ్చేది. పాత టీవీలు తగ్గేకొద్దీ అది అంచువైపు జరిగింది. అయిదారేళ్ళ రికార్డింగులు వరసగా పెట్టుకుని ఒక ఛానల్ గుర్తు ఎటు జరిగిందో చూస్తే, ప్రేక్షకుల ఇళ్ళలో తెరలు ఎప్పుడు మారాయో ఆ ఛానల్ ఏమనుకుందో తెలుస్తుంది.

ఇక పాత కార్యక్రమాన్ని కొత్త టీవీలో అడ్డంగా సాగదీసి చూసే అలవాటు ఒకటుంది. నల్లపట్టీలంటే డబ్బు దండగైనట్టు ఉంటుంది మనవాళ్ళకు. 4:3 బొమ్మను 16:9కి లాగితే అడ్డంగా ప్రతిదీ మూడింట ఒక వంతు ఎక్కువ వెడల్పవుతుంది. మనుషులు లావయ్యారా, మొదటినుంచీ అంతేనా అని అనుమానం రావచ్చు గానీ, గుండ్రంగా గీసిన గుర్తు అబద్ధమాడదు. దాని ఎత్తు, వెడల్పు స్కేలుతో కొలిస్తే తెర ఎంత సాగిందో అంకెతో సహా చెప్పొచ్చు.

కొలబద్దగా ఆ గుర్తు చేసిన ఇంకా ముచ్చటైన పని ఏంటెనా రోజుల్లోది. కేబులు అందరికీ రాలేదు. లంక ఊళ్ళలో, తోటల్లో విడిగా ఉన్న ఇళ్ళలో చాలాకాలం ఏంటెనాయే దిక్కు. బొమ్మ పక్కన ఇంకో మసక బొమ్మ, జనం మాటలో చెప్పాలంటే ‘నీడ’ పడేది. ఇంటి పెద్ద బయట గొట్టం తిప్పడం, పిల్లలు లోపలినుంచి ‘వచ్చింది, వచ్చింది, పోయిందండీ’ అని అరవడం జరిగేవి. టవరు నుంచి సంకేతం ఏంటెనాకు నేరుగా వస్తుంది. అదే సంకేతం ఏ నీళ్ళ ట్యాంకుకో, సినిమా హాలు రేకుల కప్పుకో తగిలి, కాస్త చుట్టుదారిన కూడా వస్తుంది. ఆలస్యంగా వచ్చిన రెండో ప్రతి తెర మీద కుడి పక్కకు జరిగి పడుతుంది.

ఎంత జరిగిందో తెలిస్తే చుట్టుదారి పొడవు తెలుస్తుంది. పాత పద్ధతిలో తెర మీద ఒక గీత ఎడమ నుంచి కుడికి కనబడేలా గీయడానికి 52 మైక్రోసెకన్లు పట్టేది. 21 అంగుళాల టీవీలో కనబడే వెడల్పు సుమారు 40 సెంటీమీటర్లు. అంటే ఒక మైక్రోసెకను ఆలస్యం తెర మీద దాదాపు 8 మిల్లీమీటర్లు. రేడియో తరంగం ఒక మైక్రోసెకనులో 300 మీటర్లు పోతుంది. కదిలే ముఖాల మీద ఈ కొలత కుదరదు. మూలన కదలకుండా, పదునైన అంచులతో ఉన్న గుర్తు మీద కుదురుతుంది. గుర్తుకూ దాని నీడకూ మధ్య 4 మిల్లీమీటర్లుంటే, రెండో తరంగం 150 మీటర్లు ఎక్కువ నడిచి వచ్చిందన్నమాట. అడ్డుతగిలిన వస్తువు, టవరు వైపు నుంచి చూస్తే, సరిగ్గా ఇంటి వెనక ఉంటే అది 75 మీటర్ల దూరంలో ఉంది, ఎందుకంటే వెళ్ళిరావడం రెండూ లెక్కే. ఇంట్లో కూర్చుని, స్కేలు పట్టుకుని, కనబడని గోడ దూరం కొలవొచ్చు. రాడార్ చేసే పనీ దాదాపు ఇదే.

జపాన్‌లో ఈ మూలను ఇంకా తెలివిగా వాడుకున్నారు. అక్కడ టోక్యోలోని పెద్ద ఛానళ్ళు తయారుచేసే కార్యక్రమాలను జిల్లాల్లోని ప్రాంతీయ కేంద్రాలు తీసుకుని తమ టవర్ల నుంచి ప్రసారం చేస్తాయి. నాటకం ఒకటే అయినా, ఏ ప్రాంతంలో చూస్తే ఆ ప్రాంతపు కేంద్రం గుర్తు పై కుడి మూలన మసక తెలుపులో కనబడుతుంది. డిజిటల్ భూతల ప్రసారాలు 2003 డిసెంబరు 1న టోక్యో, ఒసాకా, నగోయా ప్రాంతాల్లో మొదలై 2006 చివరికి దేశమంతా చేరాయి. పాత పద్ధతిని 2011 జూలై 24న ఆపాలని నిర్ణయించారు. సరిగ్గా మూడేళ్ళ ముందు, 2008 జూలై 24 నుంచి, పాత ప్రసారం చూస్తున్నవాళ్ళ తెర మూలన ‘అనలాగ్’ అనే మాట కనబడడం మొదలైంది. డిజిటల్ టీవీ కొన్నవాడికి అది కనబడదు. అదే కార్యక్రమం, కానీ నీ టీవీకి కాలం చెల్లబోతోందని రోజంతా గుర్తుచేసే ముద్ర. భూకంపం, సునామీతో దెబ్బతిన్న ఇవాతే, మియాగి, ఫుకుషిమా ప్రాంతాలకు మాత్రం 2012 మార్చి 31 దాకా గడువిచ్చారు.

మన దగ్గర మూల మారింది ఎక్కువగా ఆస్తులు చేతులు మారినందుకు, పటాలు మారినందుకు. ఈనాడు నుంచి పుట్టిన ఈటీవీ పేరు ఒకప్పుడు కన్నడ, మరాఠీ, బంగ్లా, గుజరాతీ, ఒడియా తెరల మీద కూడా ఉండేది. ఆ ఛానళ్ళు టీవీ18 చేతికి వెళ్ళాక 2015లో అవి కలర్స్ అయిపోయాయి. తెలుగు ఈటీవీ మాత్రం పాత పేరుతోనే నిలిచింది. మా టీవీని స్టార్ కొన్నది 2015లో, తెర మూలకు నక్షత్రం వచ్చింది 2017లో. సప్తగిరిగా మారిన డీడీ-8, 2014లో రాష్ట్రంతోపాటు రెండైంది. సప్తగిరి ఆంధ్రప్రదేశ్‌కు, యాదగిరి తెలంగాణకు. రెండు కొండల పేర్లూ భక్తులకు తెలిసినవే కాబట్టి ఎవరూ విడిగా వివరించాల్సిన పని పడలేదు. 2024 ఏప్రిల్‌లో డీడీ న్యూస్ ముద్ర ఎరుపు నుంచి కాషాయానికి మారినప్పుడు దేశమంతా వాదన జరిగింది. మూలనున్న చిన్న బొమ్మను ఎవరూ పట్టించుకోరనే మాట ఆ వారం చెల్లలేదు.

ఇప్పుడు మళ్ళీ కొబ్బరి తోటలోకి. నల్ల వైరు స్థానంలో చాలా ఇళ్ళ మీద చిన్న డిష్‌లు వెలిశాయి. దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ సేవ 2004 డిసెంబరులో మొదలైంది. ఇప్పుడది తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గరున్న జీశాట్-15 నుంచి వస్తుంది. అమలాపురం నుంచి చూస్తే ఆ ఉపగ్రహం ఆగ్నేయ దిక్కున, నేలకు సుమారు 66 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అంటే దాదాపు నడినెత్తికి దగ్గరగా. ఇది కోనసీమకు కలిసొచ్చింది. నేల మీద పెట్టిన డిష్‌కు ఇరవై మీటర్ల కొబ్బరి చెట్టు తొమ్మిది మీటర్ల లోపు, అదీ సరిగ్గా ఆగ్నేయంలో ఉంటేనే అడ్డు. అంతకన్నా దూరంగా ఎన్ని వేల చెట్లున్నా ఫర్వాలేదు. అడ్డంగా వచ్చే పాత తరంగానికి తోట మొత్తం అడ్డయితే, పైనుంచి దిగే తరంగానికి ఒక్క చెట్టు తప్పుకుంటే చాలు. పెరట్లో ఏ మూల డిష్ బిగించాలో దీన్ని బట్టే తేలుతుంది.

కానీ వాన ఉంది. ఈ సంకేతం తరంగదైర్ఘ్యం రెండున్నర సెంటీమీటర్లే కాబట్టి చినుకులు దాన్ని పీల్చుకుంటాయి, చెదరగొడతాయి. తుఫాను మేఘం కమ్మగానే బొమ్మ చదరపు ముక్కలుగా విరుగుతుంది. డిజిటల్ వీడియోను కుదించేటప్పుడు 8 చుక్కలు అడ్డం, 8 చుక్కలు నిలువుగా గళ్ళు చేసి పంపుతారు. కొన్ని గళ్ళు పాడైతే ఆ ముక్కలే పాడవుతాయి. మామూలు రోజున కూడా, పొదుపు కోసం బాగా కుదించిన ఛానళ్ళలో గుర్తు అక్షరాల చుట్టూ సన్నటి వణుకు కనబడుతుంది. పదునైన అంచును కొద్ది అంకెలతో చెప్పబోతే మిగిలే తప్పు ఆ గడి అంతా పరుచుకుంటుంది.

అలా విరుగుతున్నప్పుడు తెరను ఓపికగా చూడండి. ఛానల్ గుర్తు బొమ్మతోపాటే ముక్కలవుతుంది. మీరు మీట నొక్కితే కింద వచ్చే ఛానల్ నంబరు పట్టీ మాత్రం నిగనిగలాడుతూ చెక్కుచెదరదు. ఎందుకంటే మొదటిది హైదరాబాద్‌లోనో చెన్నైలోనో మాస్టర్ కంట్రోల్లో బొమ్మలో కలిసిపోయి వేల కిలోమీటర్లు ప్రయాణం చేసింది. రెండోది మీ టీవీ కింద ఉన్న సెట్‌టాప్ బాక్సు అప్పటికప్పుడు గీసింది. ఏ ముద్ర ఎక్కడ పడిందో వాన చెప్పేస్తుంది.

కేబుల్ ఇళ్ళలో ఈ రెంటికీ మధ్య మరో ముద్ర ఉంటుంది, కేబుల్ నెట్‌వర్క్ వాళ్ళ చిన్న గుర్తు. పట్టణాల్లో కేబుల్ డిజిటల్ కావడానికి 2015 చివర, పల్లెలకు 2017 మార్చి గడువులు పెట్టారు. ఆ కొత్త వ్యవస్థకు ప్రసార రంగ నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు రాస్తూ, చందా ఛానళ్ళ మీద వేసే నెట్‌వర్క్ గుర్తును ఎన్‌కోడర్ దగ్గరే వేయాలని, అంటే సంకేతాన్ని కుదించి పంపే చోటే బొమ్మలో కలపాలని చెప్పింది. బాక్సులో వేస్తే చెరిపేయడం తేలిక. ఎన్‌కోడర్లో వేస్తే ఆ బొమ్మ ఎక్కడ దొంగతనంగా తేలినా, ఎవరి నెట్‌వర్క్ నుంచి కారిందో తెలుస్తుంది. నెట్‌వర్క్ తెలిస్తే సరిపోదు, ఏ ఇల్లో కూడా తెలియాలి. క్రికెట్ మంచి పట్టులో ఉండగా తెర మధ్యలో హఠాత్తుగా ఒక పొడవాటి అంకెల వరస మెరిసి మాయమవుతుంది. చాలామంది విసుక్కుంటారు. అది ఆ ఇంటి బాక్సు గుర్తింపు సంఖ్య. ఎప్పుడు, తెరలో ఏ చోట రావాలో నెట్‌వర్క్ కేంద్రం ఆజ్ఞ పంపుతుంది. ఎవరైనా తెరను కెమెరాతో తీసి నెట్‌లో పెట్టేస్తుంటే ఆ అంకెలు కూడా అందులో పడతాయి.

కదలని ముద్రకు ఉన్న శాపం కూడా ఆ కదలకపోవడమే. టీ దుకాణంలో పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే వార్తా ఛానల్ నడిచిన గాజు గొట్టం టీవీలో, ఆపేసిన తర్వాత కూడా మూలన మసక ఆకారం కనబడేది. ఎలక్ట్రాన్లు ఎక్కువగా తగిలిన చోట ఫాస్ఫర్ పూత త్వరగా అరిగిపోతుంది. ఇప్పటి ఓఎల్‌ఈడీ తెరల్లో ఒక్కో చుక్కా తానే వెలుగుతుంది కాబట్టి ఆ జబ్బు మళ్ళీ వచ్చింది. అందుకే ఆ టీవీలు బొమ్మను అప్పుడప్పుడు కొద్ది చుక్కలు పక్కకు జరుపుతాయి. మూలన కదలని గుర్తు ఉందని పసిగట్టి అక్కడి వెలుగు తగ్గించేవీ ఉన్నాయి.

పసిగట్టడం ఎలాగో తెలుసుకుంటే, దొంగలు గుర్తును ఎలా తుడిచేస్తారో కూడా తెలుస్తుంది. ఒక కార్యక్రమంలోంచి కొన్ని సెకన్లకొకటి చొప్పున వంద బొమ్మలు తీసి, చుక్క చుక్కకూ సగటు కట్టండి. మనుషులు, ఇళ్ళు, చెట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని అంతా బూడిదరంగు అయిపోతుంది. మారేదాని హెచ్చుతగ్గులు బొమ్మల సంఖ్య వర్గమూలం మేరకు తగ్గుతాయి. వంద బొమ్మలకు పదో వంతు. మారనిది మాత్రం అలాగే మిగిలి, బూడిద మధ్యలోంచి గుర్తు తేటగా తేలుతుంది. ఆకారం, చిక్కదనం తెలిశాక, కీయర్ చేసిన లెక్కను వెనక్కి నడిపి దాన్ని తీసేయొచ్చు. ముప్పై శాతం మసక గుర్తు కింద అసలు బొమ్మ డెబ్బై శాతం బతికే ఉంది కదా. ఎర్ర డబ్బా కింద ఏమీ మిగలదు, అక్కడ చుట్టుపక్కల చూసి ఊహించి పూడ్చాల్సిందే. అందం లేని ముద్రకు ఈ ఒక్క విషయంలో మార్కులు వేయాలి.

కంటికి కనబడేది ఏదైనా తుడవొచ్చు కాబట్టి, కంటితో పనిలేని ముద్రలు కూడా ఉన్నాయి. దేశంలో ఏ ఛానల్‌ను ఎంతమంది చూస్తున్నారో లెక్కగట్టే బార్క్ సంస్థ గుర్తును శబ్దంలో దాచింది. పెద్ద శబ్దం పక్కనే దగ్గరి శ్రుతిలో ఉన్న చిన్న శబ్దం మన చెవికి అందదు. ఆ మరుగులో ఛానల్ పేరు, సమయం తెలిపే సంకేతాన్ని కలిపి పంపుతారు. నమూనాగా ఎంచుకున్న ఇళ్ళలో మీటరు దాన్ని పట్టుకుంటుంది. గదిలో ఎవరున్నారో ఆ ఇంటివాళ్ళు తమతమ మీట నొక్కి చెబుతారు. సీరియల్లో అత్తాకోడళ్ళు గట్టిగా అరుచుకుంటున్నంతసేపూ ఆ అరుపుల చాటున ఛానల్ తన పేరు చెప్పుకుంటూనే ఉంటుంది.